కేప్‌టౌన్‌లో పడిగాపులు

ఒడిశాలోని గంజాం జిల్లా వాళ్ళకు ప్రయాణాల కన్నా ప్రయాణాల ముందు పడే పడిగాపులే ఎక్కువ అలవాటు. సూరత్ మరమగ్గాల మీద పనికి పోయే కుర్రవాళ్ళు పూరీ నుంచి అహ్మదాబాదు వెళ్ళే బండి కోసం, రిజర్వేషను లేని పెట్టెలో కాలు మోపేంత చోటు కోసం, బరంపురం స్టేషనులో గోనె సంచుల మధ్య రాత్రుళ్ళు వెళ్ళబుచ్చడం నేను చిన్నతనం నుంచీ చూస్తున్నదే. అంతకు రెండు తరాల ముందు మా తాతయ్య గోపాలపురం ఒడ్డున రంగూను స్టీమరు కోసం కాచుకున్నాడు. స్టీమరు ఒడ్డు దాకా వచ్చేది కాదనీ, దూరాన లంగరు వేసుకుని నిలబడితే అలలు దాటించి మసూలా పడవల్లో జనాన్ని చేరవేసేవారనీ, సముద్రం పోటెత్తిన నాడు పడవలు కదలక స్టీమరు తన దారిన తాను పోయేదనీ, ఆపైన మరో స్టీమరు వచ్చేదాకా అక్కడే పడి ఉండవలసి వచ్చేదనీ మా నాన్నమ్మ చెప్పేది. ఆ ఆగిన రోజుల్లో చేతిలోని డబ్బు కాస్తా అటుకులకూ బెల్లానికీ అయిపోయి, తాతయ్య రంగూనులో అప్పుతోనే దిగాడని ఆమె కంప్లయింటు. 1942లో ఆయన అరకాన్ కొండల మీదుగా కాలినడకన ఇల్లు చేరాడు గాని, నాన్నమ్మ మాత్రం ఆ నడక కన్నా గోపాలపురంలో ఖర్చయిన డబ్బునే ఎక్కువగా తలుచుకునేది.

2017 నవంబరులో ఆ పడిగాపులు నా వంతుకు వచ్చాయి. నేను భారత వాతావరణ శాఖలో పరిశీలకుణ్ణి. ప్రపంచ వాతావరణ సంస్థ పట్టికలో 43049 సంఖ్య గల గోపాలపురం కేంద్రంలో చాలా ఏళ్ళు పనిచేసిన తరువాత, 37వ భారత అంటార్కిటిక్ యాత్రలో, శీతాకాలం అంతా అక్కడే ఉండిపోయే బృందంతో మైత్రి కేంద్రానికి, అంటే మా లెక్కలో 89514కు, వెళ్ళడానికి నా పేరు ఖాయమైంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో వైద్య పరీక్షలు, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో మంచు మీద నడకా తాళ్ళ పనీ, గోవాలో పత్రాలూ సరంజామా, ఇవన్నీ చకచకా జరిగిపోయాయి. వాటి గురించి, అక్కడి చలి గురించి, నెలల తరబడి ఉండే చీకటి గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. మధ్యలో కేప్‌టౌన్‌లో ఏ పనీ లేకుండా గడిచే రోజుల గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. ఆ యాత్రను తలుచుకుంటే నాకు ముందుగా గుర్తుకు వచ్చేవి మాత్రం అవే.

మన మొదటి యాత్ర డాక్టర్ ఖాసిం నాయకత్వంలో 1981 డిసెంబరు 6న గోవా నుంచి 'పోలార్ సర్కిల్' అనే ఓడలో బయలుదేరి, 1982 జనవరి 9న ఆ ఖండం మీద కాలు మోపింది. వాళ్ళ ఎదురుచూపంతా ఓడలోనే, కదులుతూనే గడిచింది. ఇప్పుడు మనుషుల్లో చాలామంది విమానాల్లో వెళుతున్నారు కాబట్టి ఆ ఎదురుచూపు నేల మీదకు మారింది. అంటార్కిటికాకు గుమ్మాల వంటి ఊళ్ళు ప్రపంచంలో ఐదు ఉన్నాయి: కేప్‌టౌన్, హోబార్ట్, క్రైస్ట్‌చర్చ్, పుంటా అరేనాస్, ఉషుయయా. మైత్రికి వెళ్ళేవాళ్ళకు కేప్‌టౌనే దగ్గర. మైత్రి ఉన్న క్వీన్ మాడ్ ల్యాండ్ ప్రాంతంలో పనులున్న 11 దేశాలు కలిసి నడుపుకునే విమాన ఏర్పాటు ఒకటి అక్కడి నుంచి సాగుతుంది. ఇల్యూషిన్-76 అనే రష్యా సరుకు విమానం సుమారు 4,200 కిలోమీటర్లు ఎగిరి, దాదాపు ఆరు గంటల్లో రష్యన్ కేంద్రం నోవోలజరెవ్‌స్కయా దగ్గరి మంచు రన్‌వే మీద దిగుతుంది. అందరూ 'నోవో' అంటారు. అక్కడి నుంచి మైత్రి పక్క ఊరి దూరమే.

ఆ ఆరు గంటల ప్రయాణం కోసం మేము వారం దాటి ఆగాము.

రోజూ సాయంత్రం హోటలు కింది అంతస్తులో మా లీడరు అందరినీ కూర్చోబెట్టి ఒకే సంగతి చెప్పేవాడు: ఈ రాత్రి లేదు, రేపు పొద్దున మళ్ళీ చూస్తారు. బరువు తూచిన సంచులు గోడ వారన అలాగే ఉండేవి. వాటిలోంచి సబ్బో తువ్వాలో తీసుకుంటే తూకం మారిపోతుందని మొదటి రెండు రోజులూ అందరూ భయపడ్డారు. ఆ తరువాత భయం పోయింది. నేను వాతావరణ శాఖ వాణ్ణని తెలిసి జనరేటరు మెకానిక్కులూ వంటవాళ్ళూ టిఫిను దగ్గరే పట్టుకుని, "సార్, మీ వాళ్ళు ఏమంటున్నారు?" అని అడిగేవారు. విమానం సంగతి తేల్చేది నోవోలో ఉన్న పరిశీలకులూ ఆ విమాన సంస్థ వాళ్ళూనని, అందులో నా ప్రమేయం ఏమీ లేదని ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. గోపాలపురంలో తుపాను దారి మళ్ళినా మమ్మల్నే అంటారు, మళ్ళకపోయినా మమ్మల్నే అంటారు కాబట్టి నాకు అది కొత్త కాదు.

ఆగడానికి కారణం మాత్రం నాకు బాగా తెలుసు. నోవో రన్‌వే అంటే తారూ సిమెంటూ కాదు, గాలి ఎప్పటికప్పుడు పై మంచును ఊడ్చేయగా తేలిన గట్టి నీలి మంచు. దాని మీద దిగాలంటే పైలట్‌కు రన్‌వే కనబడాలి. మంచు తుపాను లేచినా, మబ్బూ నేలా ఒకే తెలుపులో కలిసిపోయి నీడ అన్నది లేకుండా పోయినా, ఎత్తుపల్లాలు తెలియవు. పక్కనే మరో విమానాశ్రయం ఉంటే అటు మళ్ళవచ్చు. అక్కడ అటువంటిది లేదు. సగం దారిలో వాతావరణం చెడితే వెనక్కి తిరిగి రావాలి, సగం దాటితే దిగాలి. అందువల్ల పూర్తిగా తెరపి ఇచ్చిందని తేలేదాకా కేప్‌టౌన్‌లో ఇంజన్లు మొదలు పెట్టరు. ఆ తెరపిని మింగేవి రెండు. దక్షిణ ధ్రువం వైపు పీఠభూమి మీద చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంట తీరానికి జారుతూ వేగం పుంజుకోవడం ఒకటి. తీరానికి ఉత్తరాన ఒకదాని వెనుక ఒకటిగా పడమటి నుంచి తూర్పుకు సాగిపోయే అల్పపీడనాలు రెండోది. హోటలు గదిలో లాప్‌టాప్ తెర మీద ఆ ఉపగ్రహ చిత్రాలు చూస్తూ కూర్చునేవాణ్ణి. నాకు అలవాటైన బంగాళాఖాతపు వాయుగుండాలు గడియారపు ముల్లుకు ఎదురు తిరుగుతాయి. అక్కడివి ముల్లుతోపాటే తిరుగుతాయి. పాఠంగా ఎన్నోసార్లు చదివిందే అయినా, కళ్ళతో చూసినప్పుడు ఏదో తలకిందులైనట్టు ఉండేది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మేము దాని రాక కోసం లెక్కలు కట్టుకుంటూ కూర్చున్నాము. ఇక్కడ తుపాను వెళ్ళిపోవడం కోసం కూర్చోవలసి వచ్చింది. నిజం చెప్పాలంటే రెండోదే ఓపికకు ఎక్కువ పరీక్ష. మొదటిదానిలో చెయ్యడానికి పని ఉంటుంది.

కేప్‌టౌన్‌లో మాత్రం ఎండ కాస్తూనే ఉంది. పట్టపగలు నీలాకాశం కింద నిలబడి, వాతావరణం బాగాలేక ఆగిపోయామని ఇంటికి ఫోను చేసి చెప్పడం మా డాక్టరుగారికి తలవంపులుగా ఉండేది. ఆ ఎండలోనూ ఆగ్నేయపు గాలి ఒకటి రోజుల తరబడి వీచేది. ఊళ్ళోని మురికిని సముద్రంలోకి ఊడ్చుకుపోతుంది కాబట్టి అక్కడివాళ్ళు దాన్ని డాక్టరు అని పిలుస్తారు. అది వీచినప్పుడు 1,086 మీటర్ల టేబుల్ మౌంటెన్ బల్లపరుపు శిఖరం మీద తెల్లటి మబ్బు పేరుకుని, పాలు పొంగి గిన్నె అంచు దాటినట్టు, కొండ అంచు మీదుగా కిందికి ఒలికేది. సగం దూరం దిగి మాయమైపోయేది. సముద్రపు తేమ గాలి కొండను ఎక్కుతూ చల్లబడి మబ్బు కడుతుంది, ఇవతల దిగుతూ వేడెక్కి ఆవిరైపోతుంది; ఇంతే సంగతి. అంత ఒలికినా కింద ఊళ్ళో చుక్క తడి ఉండేది కాదు. కొండ ఎక్కించే కేబుల్ కారును ఆ గాలికి ఆపేసేవారు కాబట్టి మాలో సగం మంది ఆ కొండను కింద నుంచే చూసి వచ్చారు.

ఒక పూటంతా సంచుల శుభ్రానికి పోయింది. 1991లో కుదిరిన మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం అంటార్కిటికాలోకి పరాయి మొక్కలూ జీవులూ చేరనివ్వకూడదు. బూట్ల అడుగున పట్టిన మట్టి, జేబుల మూలల్లోని దుమ్ము, అంటుకునే పట్టీల్లో ఇరుక్కున్న గింజలు, వీటన్నిటినీ వాక్యూమ్‌తో లాగి, మిగిలినదాన్ని సూదితోనూ చిమటాతోనూ ఏరాలి. నా చేతిసంచి పట్టీలో రెండు ఉత్తరేణి గింజలు బయటపడ్డాయి. సన్నగా, కొసన ముళ్ళతో, ఎండిపోయి, అయినా గట్టిగా పట్టుకుని ఉన్నాయి. బరంపురంలో మా పెరటి గోడ పక్కన ఏటా మొలిచే ఉత్తరేణి నుంచి, వినాయక చవితికి పత్రి కోసినప్పుడు అంటుకుని ఉంటాయి. గోవా, జోహన్నెస్‌బర్గ్ దాటి అంత దూరం వచ్చినవాటిని చిమటాతో పీకి సీసాలో వేయవలసి వచ్చింది. నా పక్కన కూర్చున్న వెల్డరు తన బూటు అడుగున ఔలీ మట్టి తీస్తూ, "మన ఊరు మనల్ని వదలదు సార్" అన్నాడు. ఆ మాటకు తలూపి ఊరుకున్నాను. ఉత్తరేణికి ఎవరి చొక్కా అయినా ఒకటే.

నీళ్ళ సంగతి చెప్పకపోతే ఆ రోజుల గురించి చెప్పినట్టు కాదు. ఆ ఏడు కేప్‌టౌన్ కరువులో ఉంది. అక్కడ వానలు మనలాగా వేసవి వెనుక రావు, చలికాలంలో పడతాయి. మూడు చలికాలాలు వరసగా వానలు తగ్గిపోయి జలాశయాలు అడుగంటాయి. సెప్టెంబరు నుంచి మనిషికి రోజుకు 87 లీటర్లని నగరపాలక సంస్థ హద్దు పెట్టింది. కుళాయిలు పూర్తిగా ఆగిపోయే రోజు గురించి పత్రికల్లో రాస్తున్నారు; తరువాత ఫిబ్రవరిలో ఆ హద్దును 50 లీటర్లకు దించారు. హోటలు స్నానాల గదిలో స్నానం రెండు నిమిషాల్లో ముగించాలని అద్దం మీద కాగితం అంటించి ఉండేది. జల్లు కింద బకెట్టు పెట్టి, మొదట వచ్చే చన్నీళ్ళు పట్టి, మరుగుదొడ్డికి వాడమన్నారు. మా ఉత్తరాది మిత్రులు కొందరికి అది వింతగా తోచింది. బరంపురంలో వేసవి వచ్చిందంటే మునిసిపాలిటీ ట్యాంకరు వెనుక బిందెలతో పరుగెత్తిన ఇళ్ళవాళ్ళకు అందులో వింత ఏముంటుంది? ప్రపంచంలోని మంచినీటిలో దాదాపు 70 శాతాన్ని మంచుగా దాచుకున్న ఖండానికి వెళ్ళడానికి, నీళ్ళు అయిపోతున్న ఊళ్ళో నిలబడి ఉండడమే వింత. మరుసటి ఏడు దక్షిణ సముద్రం నుంచి ఒక మంచు కొండనే తాళ్ళు కట్టి లాక్కురావచ్చునన్న ప్రతిపాదన ఆ ఊరి పత్రికల్లోకి ఎక్కిందని విన్నప్పుడు నాకు నవ్వు రాలేదు.

పగటి పూట రేవు వైపు నడిచి, దక్షిణాఫ్రికా వాళ్ళ ఎర్ర రంగు ధ్రువ నౌక 'అగుల్‌హస్-2' మీదకు క్రేన్లు సరుకు ఎక్కించడం చూస్తూ కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నం సరిగ్గా పన్నెండుకు సిగ్నల్ హిల్ మీద ఫిరంగి పేలేది. ఆదివారం తప్ప రోజూ పేలుస్తారు. సముద్రంలోని ఓడలు గడియారాలు సరిచేసుకోవడానికని రెండు శతాబ్దాల నాడు మొదలైన ఆచారం. వాతావరణ పరిశీలకులకు లోకమంతటా ఒకటే గడియారం, గ్రీన్‌విచ్‌ది, కాబట్టి నేను దాన్ని పదిగా లెక్క వేసుకునేవాణ్ణి. బరంపురంలో అప్పుడు మూడున్నర. అమ్మ టీ పెట్టుకునే వేళ. ఫిరంగి మోగగానే ఫోను చేసేవాణ్ణి. "ఇంకా ఎక్కలేదేటి?" అనేది ముందు. గాలి బాగాలేదని చెబితే, "ఇక్కడ బానే ఉంది మరి" అనేది. ఎదురింటి ఒడియా పిన్నిగారు రోజూ అడుగుతున్నారనీ, కొడుకు అంటార్కిటికా పోతున్నాడని వీధి వీధంతా చెప్పుకుని ఇప్పుడు ఇంకా హోటల్లోనే ఉన్నాడంటే బాగాలేదనీ ఆమె బాధ. నాన్నమ్మ పోయి చాలా ఏళ్ళయినా, గోపాలపురం కథ ఆ ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది. "డబ్బు జాగ్రత్త. మీ తాత లాగ చెయ్యకు" అనేది అమ్మ. హోటలు ఖర్చూ భోజనమూ సర్కారువేనని చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు.

ఒకరోజు మా వంట బృందానికి కావలసిన మసాలాలు ఇంకొన్ని కొనడానికి రైలాండ్స్ అనే పేటకు వెళ్ళాము. వర్ణవివక్ష కాలంలో భారతీయులు ఉండాలని శాసించిన పేటల్లో అది ఒకటి. ఇప్పటికీ అక్కడ మనవాళ్ళ దుకాణాలు ఎక్కువ. ఒక దుకాణం బోర్డు మీది ఇంటిపేరు చూడగానే నాకు సింహాచలం గుర్తుకు వచ్చింది. గల్లా పెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. డర్బన్‌లో పుట్టి, పెళ్ళయ్యాక ఇక్కడ స్థిరపడ్డవాడు. తెలుగు రాదు, చిన్నప్పుడు అక్కడి తెలుగువాళ్ళ ఆంధ్ర మహాసభ బడిలో నేర్చిన రామభజన ఒకటి మాత్రం వచ్చునని ఇంగ్లీషులో చెప్పాడు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన 'ట్రూరో' ఓడ మొదలుకొని 1911 వరకు లక్షా యాభై వేలకు పైగా మన జనం చెరకు తోటల్లో కూలికి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చేరారు. వాళ్ళలో విశాఖ, గంజాం జిల్లాల వాళ్ళు చాలామంది. తోటల్లో తండ్రి పేరే పిల్లలకు ఇంటిపేరైపోయింది. ఏ ఊరని అడిగితే నేను బరంపురమన్నాను, ఆయనకు తెలియలేదు. ఒడిశా అన్నాను, అదీ తెలియలేదు. గంజాం అన్నాను.

ఆయన లేచి లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఒక జెరాక్సు కాగితం తెచ్చాడు. ఓడ జాబితాలో ఒక పుట. ఆయన ముత్తవ్వది. గీసిన గడుల్లో వరసగా సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు. వయసు 22. ఎడమ మోకాలి మీద మచ్చ. జిల్లా గడిలో వంకర అక్షరాల ఇంగ్లీషులో గంజాం అని ఉంది. తాలూకా గడిలో బరంపురం. ఊరి పేరు మాత్రం రాసినవాడు ఎలా విన్నాడో ఎలా రాశాడో, నేను ఎంత తిప్పి చదివినా మా వైపు ఏ ఊరికీ కుదరలేదు. పెద్దాయన ఆశగా నా మొహంలోకి చూస్తున్నాడు. రెండు మూడు ఊళ్ళ పేర్లు చెప్పి, వీటిలో ఏదైనా కావచ్చునన్నాను. ఆయన ఆ మూడు పేర్లనూ బిల్లుల పుస్తకం వెనుక రాసుకున్నాడు.

గంజాం నుంచి మద్రాసు ఎంత దూరమని అడిగాడు. వెయ్యి కిలోమీటర్ల పైమాటే, ఆ కాగితం మీది తేదీకి మా వైపు ఇంకా రైలు కూడా రాలేదని చెప్పాను. మద్రాసు డిపోలో ఓడ నిండేదాకా కూలీలను ఉంచేవారని ఆయనకు తెలుసు; ఎన్నాళ్ళు ఉంచారో ముత్తవ్వ ఎప్పుడూ చెప్పలేదట. నేనూ ఓ చోటికి వెళ్ళడానికి ఆగి ఉన్నానని, అది దక్షిణ ధ్రువం వైపని చెబితే గట్టిగా నవ్వాడు. "మావాళ్ళకు చెరకు ఉందని చెప్పి ఎక్కించారు. నీకు ఏముందని చెప్పారు?" అన్నాడు. అదనపు భత్యం అన్నాను. ధనియాలకూ ఎండు మిరపకాయలకూ డబ్బు తీసుకున్నాడు గాని, కరివేపాకు కట్టను ఊరికే ఇచ్చాడు. పచ్చి ఆకు మాతో తీసుకుపోవడానికి లేదు కాబట్టి ఆ రాత్రి హోటలు వంటగదిని బతిమాలి అందరికీ పులిహోర కలిపించాము.

ఆ మరునాటి సాయంత్రం లీడరు మొదటిసారి వేరే మాట చెప్పాడు. అర్ధరాత్రి విమానాశ్రయంలో పాస్‌పోర్టు మీద దక్షిణాఫ్రికా వదిలినట్టు ముద్ర వేశారు. అవతల చేరినట్టు వేయడానికి ఎవరూ ఉండరు. ఇల్యూషిన్ లోపల కిటికీలు లేనట్టే. ముందు భాగంలో సీట్లు, వెనుక వల కింద కట్టిన సరుకు, చెవుల్లో పెట్టుకోవడానికి ఇచ్చిన దూది బిళ్ళలు, వాటిని దాటుకుని వచ్చే ఇంజన్ల హోరు. దిగడానికి గంట ముందు అందరం నిలబడి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ధ్రువ దుస్తుల్లోకి దూరాము. తలుపు తెరిచేసరికి తెల్లవారుజాము అని చేతిగడియారం చెబుతున్నా బయట పట్టపగలు.

మైత్రిలో నాకు పని అప్పగించిన పాత పరిశీలకుడు ఏడాది పైగా అక్కడ గడిపినవాడు. కొద్ది రోజుల్లో అదే విమానంలో వెనక్కి పోవలసినవాడు. ఓజోన్ బెలూన్ల లెక్క, గాలి కొలిచే పరికరం మంచు పట్టి ఆగినప్పుడు ఏం చెయ్యాలో, రిజిస్టరులో ఏ పుటలు అంటుకుపోయాయో వరసగా చూపించాడు. అన్నీ అయ్యాక, కేప్‌టౌన్‌లో స్నానానికి నీళ్ళు ఎలా ఉన్నాయని ఆత్రంగా అడిగాడు. ప్రియదర్శిని సరస్సు నుంచి పంపు చేసుకుని, పొదుపుగా వాడుకునే నీళ్ళతో ఇన్ని నెలలు గడిపినవాడు, జల్లు కింద గంటసేపు నిలబడాలని కలలు కంటున్నాడట. రెండు నిమిషాలని చెప్పాను.

"అక్కడ కూడానా?" అని, రిజిస్టరు మీద సంతకం పెట్టి నా వైపు జరిపాడు. మధ్యాహ్నపు పరిశీలనకు ఇంకా పావుగంట టైముంది.